ఒక కరపత్రం.. మూడు పేపర్లు

డిగ్రీలో బీబీఏ తీసుకున్నా, బీటెక్ అయ్యాక ఐసెట్ రాసి ఎంబీఏలో చేరినా మొదట్లోనే ఎదురయ్యే పేపర్లు మూడున్నాయి. పేర్లు యూనివర్సిటీని బట్టి మారుతుంటాయి. ఒకచోట బిజినెస్ లా అంటే ఇంకోచోట లీగల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఒకచోట ఆర్గనైజేషనల్ బిహేవియర్ అయితే మరోచోట మానవ వనరుల నిర్వహణ. మూడోది క్వాంటిటేటివ్ టెక్నిక్స్ కావచ్చు, ఆపరేషన్స్ రీసెర్చ్ కావచ్చు, ఈమధ్య ఎక్కువగా వినబడుతున్న డెసిషన్ సైన్స్ కావచ్చు.

పిల్లలు మాత్రం వీటికి వేరే పేర్లు పెట్టుకుంటారు. మొదటిది బట్టీ పేపరు. సెక్షన్ల నంబర్లు గుర్తుంటే గట్టెక్కొచ్చు. రెండోది సొంత కవిత్వం పేపరు. నాలుగు పేజీలు నింపితే మార్కులు వాటంతటవే వస్తాయి. ఇక మూడోది లెక్కల పేపరు. భారం దేవుడిదే! పరీక్షలు అయిపోయిన మర్నాడు మూడు పుస్తకాలూ ఏ కోఠి ఫుట్‌పాత్ మీదకో పాత పుస్తకాలుగా చేరిపోతాయి.

నిజానికి అవి మూడు పుస్తకాలు కావు, మూడు ప్రశ్నలు. 'మనం ఏం ఒప్పుకున్నాం?' అనేది మొదటిది. 'ఎవరితో పని చేయించుకుంటున్నాం, వాళ్ల మనసులో ఏముంది?' అనేది రెండోది. 'ఉన్న దారుల్లో దేన్ని ఎంచుకోవాలి?' అనేది మూడోది. ఇల్లు కట్టినా, పెళ్లి చేసినా, కిరాణా కొట్టు పెట్టినా తప్పని ప్రశ్నలే. చిక్కల్లా ఒకటే. కాలేజీలో వీటిని మూడు వేర్వేరు పీరియడ్లలో, ముగ్గురు వేర్వేరు లెక్చరర్లు చెబుతారు. జీవితంలో మాత్రం మూడూ ఒకేసారి వచ్చి గుమ్మంలో నిలబడతాయి.

ఎలాగో చూడాలంటే లా పుస్తకంలోనే ఉన్న ఒక చిన్న కథ చాలు.

కాన్పూర్‌లో తప్పిపోయిన పిల్లాడు

వందేళ్లకు పైబడిన మాట. కాన్పూర్‌లో గౌరీ దత్ అనే వ్యాపారి మేనల్లుడో, అన్నదమ్ముల బిడ్డో.. ఇంట్లో పిల్లాడొకడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. యజమాని తన దగ్గర పనిచేసేవాళ్లను తలో దిక్కుకూ పంపాడు. సంస్థలో గుమాస్తాగా ఉన్న లాల్‌మన్ శుక్లాకు రైలు ఛార్జీలూ, దారి ఖర్చులూ ఇచ్చి హరిద్వార్ వెళ్లమన్నాడు. అతను బయల్దేరాక ఇక్కడ కరపత్రాలు వేయించారు. పిల్లాడి ఆచూకీ కనిపెట్టినవాళ్లకు 501 రూపాయలు బహుమానం అని!

పిల్లాడు రుషీకేశ్‌లో దొరికాడు. కనిపెట్టింది లాల్‌మనే. వెంటనే తంతి కొట్టాడు. యజమాని వెళ్లి పిల్లాణ్ని తెచ్చుకున్నాడు. సంతోషంతో గుమాస్తా చేతిలో రెండు బంగారు సవరన్లు పెట్టాడు. కాన్పూర్ వచ్చాక ఇంకో 20 రూపాయలు ఇచ్చాడు. లాల్‌మన్ తీసుకున్నాడు, మారు మాట్లాడలేదు. మామూలుగా పనిలోకి వచ్చేస్తున్నాడు.

సుమారు ఆరు నెలలు గడిచాయి. యజమాని అతన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. అప్పుడు లాల్‌మన్ కోర్టుకెక్కాడు. 'కరపత్రంలో ప్రకటించిన బహుమానంలో నాకు ఇంకా 499 రూపాయలు రావాలి' అని దావా వేశాడు. అది అలహాబాద్ హైకోర్టు దాకా వెళ్లింది. 1913లో తీర్పు వచ్చింది. దేశంలో బిజినెస్ లా చదివే విద్యార్థికి ఇప్పటికీ తప్పకుండా చెప్పే కేసు ఇది.

మరి, గుమాస్తాకు డబ్బులు వచ్చాయా?

మొదటి పేపరు: ఏం ఒప్పుకున్నాడు?

రాలేదు. లాల్‌మన్ ఓడిపోయాడు.

మన దేశంలో ఒప్పందాలన్నింటికీ మూలం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. కాలంచెల్లిన చట్టాలు ఎన్ని పోయినా ఇది మాత్రం ఇంకా నిలబడే ఉంది. దాని ప్రకారం ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు దానికి ఒప్పుకోవాలి, ఇచ్చిపుచ్చుకోవడం ఏదో ఒకటి ఉండాలి. ప్రతిపాదన సంగతే తెలియనివాడు దానికి ఒప్పుకున్నాడని ఎలా అంటాం? తెలియడం తప్పనిసరి అంది కోర్టు.

అసలు మెలిక ఇంకొకటి ఉంది. తప్పిపోయిన పిల్లాణ్ని వెతకడం గుమాస్తా చేయాల్సిన మామూలు పని కాదని న్యాయమూర్తే ఒప్పుకున్నారు. అయినా 'వెళ్లు' అన్నప్పుడు సరేనని బయల్దేరాడు కాబట్టి, ఆ క్షణం నుంచి అది అతని బాధ్యత అయిపోయింది. అప్పటికే చేయాల్సి ఉన్న పనికి కొత్తగా బహుమానం అడగడానికి వీల్లేదని తేల్చారు.

అంతకు ఇరవై ఏళ్ల ముందు లండన్‌లో ఇలాంటి ప్రకటన మీదే ఒకావిడ గెలిచింది. తమ పొగ బంతిని చెప్పిన ప్రకారం వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే వంద పౌన్లు ఇస్తామని ఒక కంపెనీ పత్రికల్లో వేసింది. తమ మాటకు కట్టుబడి ఉన్నామని చూపించడానికి వెయ్యి పౌన్లు బ్యాంకులో కూడా వేశామంది. ఆవిడ ఆ ప్రకటన చదివింది, కొంది, వాడింది. జబ్బు పడింది. 1892లో అప్పీలు కోర్టు ఆవిడకు డబ్బు ఇవ్వాల్సిందేనంది. కార్లిల్ కేసుగా అది ప్రసిద్ధం. తేడా ఎక్కడుంది? ఆవిడ ప్రకటన చూశాక పని చేసింది, పైగా అంతకుముందు ఆ కంపెనీకి ఏమీ బాకీ లేదు. లాల్‌మన్ అలా కాదు.

లా పేపరు నేర్పేది ఇదే. న్యాయంగా అనిపించడం వేరు, చట్ట ప్రకారం రావడం వేరు. ఎప్పుడు, ఎవరికి, ఏ మాట ఇచ్చామన్నదే అక్కడ లెక్క.

రెండో పేపరు: మనసులో ఏమనుకున్నాడు?

కోర్టులో యజమాని గెలిచాడు. మంచిదే. కానీ యజమానిగా గెలిచాడా?

లెక్క చూడండి. అప్పట్లో సవరను విలువ 15 రూపాయలు. రెండు సవరన్లంటే 30, ఆ పైన 20, మొత్తం 50 రూపాయలు. దారినపోయే దానయ్యకు దొరికి ఉంటే 501 ఇచ్చేవాళ్లు. ఇంటి మనిషి కనిపెట్టినందుకు పదో వంతు! ఆ కరపత్రం కళ్లబడకపోతే ఆ 50 రూపాయలే గొప్ప బహుమానం. పడ్డాక అదే అవమానం.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టేసీ ఆడమ్స్ 1963లో చెప్పింది అచ్చంగా ఇదే. మనిషి తనకు ఎంత వచ్చిందన్నది ఒక్కటే చూసుకోడు. తాను పడ్డ కష్టానికి తనకు వచ్చిందెంత, పక్కవాడి కష్టానికి వాడికి వచ్చిందెంత అని పోల్చుకుంటాడు. తక్కెడ ఒకవైపు మొగ్గితే మనసు విరుగుతుంది. పని తగ్గిస్తాడు, లేదా గొడవ పడతాడు, లేదా వెళ్లిపోతాడు. దీన్నే ఈక్విటీ సిద్ధాంతం అంటారు. పెద్ద కోడలికి కాసులపేరు పెట్టి చిన్న కోడలికి ఒంటిపేట గొలుసు పెట్టిన ఏ అత్తగారినడిగినా ఈ సిద్ధాంతం ఉదాహరణలతో సహా చెబుతుంది.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు రెండొందల మంది ఇంజినీర్లనూ, అకౌంటెంట్లనూ 'ఉద్యోగంలో మీకు ఎప్పుడు సంతోషమేసింది, ఎప్పుడు కష్టమనిపించింది?' అని అడిగింది. జీతం, పని పరిస్థితులు సరిగ్గా లేకపోతే బాధ కలుగుతుంది. కానీ అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం పుట్టేది సాధించామన్న తృప్తి వల్ల, నలుగురిలో దక్కే గుర్తింపు వల్ల అని వాళ్లు తేల్చారు. అకౌంటెంట్లంటే లాల్‌మన్ తోటివాళ్లే కదా!

అయితే ఈ పేపర్లోని సిద్ధాంతాలు భూమ్యాకర్షణ లాంటివి కావు. షికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు జరిగాయి. దీపాల వెలుగు పెంచినా, తగ్గించినా పని పెరిగిందనీ, తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావనే దానికి కారణమనీ పాఠం చెబుతారు. తర్వాతి పరిశోధకులు ఆ పాత అంకెలు తిరగేసి, అంత గట్టి రుజువేమీ లేదన్నారు. కాబట్టి మనుషుల గురించి చెప్పే ఏ మాటనైనా మన మనుషుల మీద సరిచూసుకున్నాకే నమ్మాలి. అదీ ఈ పేపర్లో భాగమే.

మూడో పేపరు: ఏ దారి ఎంచుకోవాలి?

ఇప్పుడు అంకెల సంగతి. 'పిల్లాడి కోసం ఎవర్ని ఎటు పంపాలి?' అనేది ఆనాటి వ్యాపారికి ఎదురైన మొదటి సమస్య. ఊహకు కొన్ని అంకెలు వేసుకుందాం. పిల్లాడు హరిద్వార్ వైపు వెళ్లి ఉండే అవకాశం నూటికి 50, కాశీ వైపు 30, కలకత్తా వైపు 20. హరిద్వార్ వెతికారు, దొరకలేదు. వెతికేవాడి కంట పడే అవకాశం నూటికి 80 అనుకుంటే, అక్కడే ఉండి తప్పించుకునే అవకాశం ఇంకా 10 మిగులుతుంది. కాశీ 30, కలకత్తా 20 అలాగే ఉన్నాయి. మొత్తం 60. అందులో కాశీ వాటా ఇప్పుడు సగం! అంటే తర్వాతి మనిషిని కాశీకి పంపాలి. దొరకకపోవడం కూడా ఒక కబురే.

ఈ లెక్కకు మూలం థామస్ బేయిస్ అనే ఆంగ్లేయ మతగురువు రాసిన వ్యాసం. ఆయన పోయాక 1763లో అచ్చయింది. 2009 జూన్ 1న అట్లాంటిక్ సముద్రంలో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ విమానం కోసం అప్పటికే వెతికిన చోట్లన్నీ ఇలాగే లెక్కగట్టి, కొత్తగా పటం వేసుకుని 2011 ఏప్రిల్‌లో శకలాలను పట్టుకున్నారు.

పరిమితమైన మనుషుల్నీ, సామగ్రినీ ఎక్కడ ఎలా వాడాలన్న శాస్త్రం రెండో ప్రపంచ యుద్ధంలో పదునెక్కింది. యుద్ధం ముగిశాక ఫ్యాక్టరీలకూ, రైళ్లకూ వచ్చింది. మన దేశంలో ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగం మొదట 1949లో హైదరాబాద్‌లోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీలో పెట్టారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకున్న సి.ఆర్.రావు గణాంక శాస్త్రంలో ప్రపంచం మెచ్చిన పేరు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి దక్కింది. లెక్కల పేపరంటే వణికే పిల్లలు ఇది మన ఇంటి విద్య కూడా అని గుర్తుంచుకోవాలి.

ఇక లాల్‌మన్ సంగతి. దావాకు 60 రూపాయలు ఖర్చు అవుతుందనుకుందాం. గెలిస్తే 499. అంటే గెలిచే అవకాశం నూటికి 12 దాటితేనే దావా గిట్టుబాటు. మరి ఆరు నెలలు ఎందుకు ఊరుకున్నాడు? అతని మనసులో ఏముందో ఏ తీర్పూ చెప్పదు. లెక్క మాత్రం ఒకటి చెబుతుంది. పనిలో ఉన్నన్నాళ్లూ దావా ఖర్చులో ఉద్యోగం కూడా కలిసి ఉంటుంది. యజమాని తీసేసిన రోజున ఆ ఖర్చు సున్నా అయిపోతుంది. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడు కోర్టుకు వెళ్లడానికి వెనకాడడు. యజమాని తెలియకుండానే ఎదుటి పక్షం లెక్కను మార్చేశాడు.

ఇదీ సంగతి. లా పేపరు ఒక్కటే చదివినవాడు 'యజమానిదే గెలుపు' అంటాడు. రెండోది ఒక్కటే చదివినవాడు 'గుమాస్తాకు అన్యాయం జరిగింది' అంటాడు. మూడోది ఒక్కటే చదివినవాడు 'పన్నెండు శాతం' అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఎవరి దగ్గరా పూర్తి నిజం లేదు.

బాండు కాగితం మీద మూడు సంతకాలు

పాత కథ మనకెందుకంటారా? ఇప్పటి కొత్త ఉద్యోగుల ఇళ్లలోకి వద్దాం. క్యాంపస్ నుంచి అబ్బాయికి రెండు ఆఫర్లు వచ్చాయనుకోండి. మొదటి కంపెనీ నెలకు 20 వేలు, షరతుల్లేవు. రెండోది నెలకు 22 వేలు, కానీ రెండేళ్లు ఉండాలి. మధ్యలో వదిలితే లక్ష కట్టాలని బాండు. అమ్మానాన్నలు అడిగే మొదటి మాట 'ఎక్కువ ఎక్కడిస్తున్నారు?' అబ్బాయి చూసేది కంపెనీ పేరు. బాండు కాగితం చివరి పేజీ ఎవరూ చదవరు.

మొదటి పేపరు చెప్పేది వినండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, కాగితంలో లక్ష అని రాసినంత మాత్రాన లక్షా కట్టి తీరాలని కాదు. ఆ లక్షకు మించకుండా, సబబైన పరిహారం ఎంతో కోర్టు చూస్తుంది. అలాగని బాండు చిత్తు కాగితమనీ కాదు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు అలాంటి షరతును సమర్థించింది. మూడేళ్లలోపు వదిలితే 2 లక్షలు కట్టాలన్న నిబంధన అది. ఉద్యోగంలో ఉన్న కాలానికే పరిమితమైన అలాంటి షరతు, వృత్తి చేసుకోకుండా అడ్డుకోవడం కిందికి రాదని చెప్పింది. ప్రభుత్వ రంగ బ్యాంకు మళ్లీ నియామకాలు చేపట్టాలంటే అయ్యే ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంది. ప్రతి బాండూ ఆ కేసులాంటిదే అనుకోకూడదు. ఏం రాశారు, ఎంత రాశారు, ఎందుకు రాశారన్నదే ముఖ్యం. 'అప్పగించిన ఇతర పనులు కూడా చేయాలి' అన్న వాక్యం కనిపిస్తే హరిద్వార్ వెళ్లిన గుమాస్తాను ఒకసారి తలచుకోవాలి.

మూడో పేపరు అంకెలు వేస్తుంది. రెండేళ్లూ ఉంటే రెండో కంపెనీలో అదనంగా వచ్చేది 48 వేలు. ఏడాదికే వదిలేస్తే అదనం 24 వేలు, కట్టాల్సింది లక్ష.. అంటే నికరంగా 76 వేలు నష్టం. ఏడాదికే వదిలేసే అవకాశం నూటికి 20 అయితే రెండో కంపెనీయే మేలు. సగటున 23 వేల పైచిలుకు లాభం. అదే 50 అయితే సగటున 14 వేలు నష్టం. అటో ఇటో తేలే గీత సుమారు 39 దగ్గరుంది.

మరి అబ్బాయి ఉంటాడా, వదిలేస్తాడా? ఇది ఏ సూత్రంలోనూ దొరకదు. అక్కడి మేనేజరు ఎలాంటివాడు, పని నేర్పుతారా, కొత్తవాళ్లు ఎంతకాలం ఉంటున్నారు, వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు.. ఇవి ఆ కంపెనీలో పనిచేస్తున్న సీనియర్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. అది రెండో పేపరు. లక్ష అన్న అంకె చట్టానిది. 39 అన్న గీత లెక్కలది. అబ్బాయి ఆ గీతకు ఏ వైపు ఉంటాడన్నది మనుషులది. మూడు పేపర్లూ కలిస్తేనే ఒక జవాబు.

కాలేజీని ఏం అడగాలి?

దేశంలో ఈ చదువుకు తొలి చిరునామాల్లో మన విశాఖ ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు వచ్చింది 1961లో. 2024-25 విద్యా సంవత్సరం నుంచి బీబీఏ కోర్సులూ ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. సీట్లకు కొదవ లేదు, బ్రోషర్ల నిండా ఏసీ క్లాసుల ఫొటోలకూ కొదవ లేదు.

చేరేముందు తల్లిదండ్రులు అడగాల్సింది వేరే ఉంది. లా క్లాసులో సెక్షన్లు చెప్పించి వదిలేస్తారా, నిజమైన అగ్రిమెంటు ఒకటి చేతికిచ్చి తప్పులు పట్టమంటారా? మనుషుల నిర్వహణ పేపర్లో సిద్ధాంతాలు రాయిస్తారా, ఒక కొట్టుకో, వర్క్‌షాపుకో పంపి అక్కడివాళ్లతో మాట్లాడిస్తారా? లెక్కల పేపర్లో జవాబు వచ్చాక ఆగిపోతారా, 'ఈ అంకె ఎక్కడి నుంచి తెచ్చావు?' అని కూడా అడుగుతారా? ఈ మూడు ప్రశ్నలకు సీనియర్ విద్యార్థి చెప్పే జవాబు బ్రోషరు కన్నా నమ్మదగింది.

ఇప్పటికే చేరిపోయిన పిల్లలు చేయగలిగింది కూడా ఉంది. ఇంట్లో అద్దె ఒప్పందమో, చిట్టీ కాగితమో, నాన్నగారి అప్పు పత్రమో ఉంటుంది. ఒక ఆదివారం దాన్ని ముందేసుకుని కూర్చోవాలి. ఏం ఒప్పుకున్నాం, అవతలివాళ్లు ఏమనుకుంటున్నారు, వేరే దారులేమున్నాయి అని మూడు కాలమ్‌లు గీసి రాయాలి. అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. రెండో కాలమ్ నింపడంలో వాళ్లకున్న అనుభవం ఏ ప్రొఫెసర్‌కూ ఉండదు.

పరీక్షలో ఏ పేపరుకు ఆ పేపరు పాసైతే చాలు. సంతకం పెట్టే రోజున మాత్రం మూడూ ఒకేసారి పాసవ్వాలి. దానికి సప్లిమెంటరీ ఉండదు!